పసుపు పూసిన గుడ్లు

2006లో ఆర్మూర్ పశువుల దవాఖానలో నేను లైవ్‌స్టాక్ అసిస్టెంట్‌ని. డాక్టరు రాసిన మందు వెయ్యడం, సూదులు పొడవడం, రైతుల తిట్లు తినడం నా డ్యూటీ. మార్కెట్‌కు పసుపు జోరుగా వస్తున్న రోజుల్లో, వేల్పూర్ దిక్కు నుంచి రాజవ్వ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనకాల కోడలు సుజాత, మొహం వేలాడేసుకుని.

గంపలో పన్నెండు గుడ్లు. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు కావాలి. ముప్పై దాటినా ఒక్కటీ కాలేదట. ఇంట్లో సిగ్నల్ అందేది కోడి పొదిగే మూలనే, సుజాత సెల్‌ఫోన్ ఉండేదీ అక్కడే. సెల్ రేడియేషన్‌కు గుడ్డులో పిల్ల చస్తుందని పొదగేసే ముందే ఎవరో పేపర్లో చదివి చెప్పారట. గడువు దాటగానే రాజవ్వ ఫోన్ బంద్ చేసి సందుగలో పెట్టి తాళం వేసింది. తప్పు ఫోన్‌దేనని నేనంటే చాలు, ఇక దాన్ని అమ్మేస్తుందట.

సుజాత ఒక్క మాటే అంది: "మస్కట్ నుంచి ఆయన శుక్రారం శుక్రారం ఫోన్ చేస్తడు సారూ. రెండు శుక్రారాలాయె గొంతు ఇనక."

క్యాండ్లింగ్ చేద్దామనుకున్నాను. చీకట్లో గుడ్డును టార్చి మీద పెట్టి లోపలి పిండాన్ని చూడటమన్నమాట. వెలుతురు దూరితేగా! పెంకు నిండా ఎండిన పసుపు ముద్ద.

"రేడియేషన్ తగలకుండ పొదగేసిన నాడే పట్టించిన," అంది రాజవ్వ ధీమాగా. "కాలు తెగితె పసుపే, బాలింతకు పసుపే. గుడ్డుకేమైతది?"

ఒకటి పగలగొట్టాను. సగం ఎదిగి ఆగిపోయిన పిల్ల. పెంకుకు కంటికి కనబడని రంధ్రాలుంటాయని, పిండం వాటి గుండానే గాలి పీలుస్తుందని, పసుపు వాటిని మూసేసిందని చెప్పాను.

"అంటె నేనే సంపిన్నా?" రాజవ్వ పగిలిన గుడ్డు వంకే చూసింది. నాకు పాపమనిపించింది.

"పిల్లల మీది ప్రేమతోనే చేసినవవ్వా. రేడియేషన్ సంగతి నాకూ పూర్తిగ తెల్వది. ఫోన్ ఉన్నకాడ ఉండనీ, కోడిని దూరం జరుపు. పసుపు మాత్రం కూరల్నే ఎయ్యి."

మళ్లీ పొదగేశారు. నెల తిరక్కుండానే టీకాలకని ఆ ఊరు వెళ్తే, రాజవ్వ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లింది. పదకొండు గుడ్లకు పది పిల్లలు! నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అంతలో ఫోన్ మోగింది, మస్కట్ నుంచి కొడుకు. కోడలికంటే ముందు ముసలమ్మే అందుకుని పిల్లల దగ్గర పెట్టింది.

"ఇను బిడ్డా, మస్తు ఒర్లుతున్నయి."

తర్వాత ఫోన్ సుజాత చేతిలో పెట్టి, "పా సారూ, బయట కూసుందాం," అంటూ నన్ను వాకిట్లోకి తోలుకొచ్చి తలుపు దగ్గరికేసింది.

పది పిల్లలతో రేడియేషన్ నిర్దోషి అని తేలిపోదు, అది నాకూ తెలుసు. కానీ కంటికి కనబడని దాన్ని తిట్టే ముందు మన చేతికేం అంటిందో చూసుకోవాలి. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా నా మొదటి ప్రశ్న అదే: "మీరేం చేసిండ్రు?"