ఇద్దరికి సరిపడా గాలి

మలేషియాలోని క్లాంగ్‌లో మా వీధి చివర టైర్ల దుకాణం ఉంది. అక్కడ వాల్వులోంచి గాలి బుస్సుమన్నప్పుడల్లా నేను నడక ఆపేస్తాను. పక్కనున్నవాళ్లకు అది ఉత్త గాలి. నాకది సుంగై సుమున్‌లో సూరన్న ఇంటి ముందు కొబ్బరిపీచు కాలే వాసన, బండి వెనక సీటు మీద ఆయన భార్య నరసమ్మ వదిన.

సూరన్న మా పక్కింటివాడు, పామాయిల్ తోట వర్క్‌షాపులో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. నేను బడి మానేస్తే, స్పేర్ పార్టుల డబ్బాల మీది అక్షరాలు చూపించి నాకు చదువు నేర్పింది ఆయనే. మెత్తని మనిషేం కాదు. నోరు తెరిస్తే తిట్టు. తెలియని సంగతి కూడా తెలిసినట్టే చెప్పేవాడు, అందులో సగం తప్పు. చేత్తో తడిమి చూడనిదే దేన్నీ నమ్మొద్దనేవాడు. అదొక్కటీ తప్పు కాలేదు.

పని మానేశాక పాత పెద్ద మోటార్‌సైకిల్ ఒకటి కొన్నాడు. వదినకు కారెక్కితే వాంతులు, పైగా నడుంనొప్పి. ఆ బండికి వెనక స్ప్రింగు పని గాలి చేసేది. మనిషి ఎక్కగానే సీటు కింది చిన్న కంప్రెసరు తానే గాలి నింపుకుని, కుంగిన బండిని సరైన ఎత్తుకు లేపేది. వదిన మహారాణిలా కూర్చునేది. ఒకరోజు బాగన్ దాతుక్ నుంచి వస్తుంటే ఆ కంప్రెసరు చచ్చిపోయింది. పామాయిల్ లారీలు తవ్విపోసిన రోడ్డు, ప్రతి గుంతా ఆమె వెన్నులోనే దిగింది. ఇంటి ముందు ఇద్దరం పట్టుకుని దింపాం.

క్లాంగ్‌లో స్పేర్ పార్టుల దుకాణంవాడు ఆ పార్టు దొరకదు, బండి అమ్మేయండి అన్నాడు. అమ్మేయమనడం కూడా ఒక రిపేరేనా? ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సూరన్న మాత్రం నవ్వాడు. "పీకి పారేద్దుము. నా పెళ్లానికి గాలి నానే కొడతాను. మెషీనుకేటి తెల్సు దీని నడుం సంగతి?"

ఇద్దరం కూర్చుని కంప్రెసరు తీసేశాం. గాలిగొట్టాన్ని పక్కమూత కిందికి తెచ్చి, చివర టైరుకుండేలాంటి వాల్వు బిగించాం. బంకులో గాలి పెడితే ఒక్క ఊపుకే సీలు చిరిగిపోతుంది, అందుకని గేజీ ఉన్న చేతిపంపు. వదిన ఎక్కి కూర్చుంటే, మడ్‌గార్డు మీద గీసిన గీత దాకా బండి లేచేవరకు ఆయన పంపు కొట్టేవాడు.

"నానేటి బియ్యం బస్తానా, ఇలాగ తూకమేస్తన్నావు?" అనేది వదిన.

"బస్తా అయితే నోరు మూసుకునుండును."

కొన్నాళ్లకు, ఎప్పుడూ కొట్టేంతే కొట్టినా బండి గీత దాటి లేవసాగింది. గేజీ ముల్లు ఎప్పటి చోటే ఉండేది. గేజీ అబద్ధమాడుతోందని సూరన్న కొత్తది తెచ్చాడు. అదీ అంతే చూపించింది. "ఓరే రావులూ, సెయ్యి సొట్టపోనాదేటిరా? ఎలాగ బిగించినావు ఆ వాల్వు?" అని నా మీద పడ్డాడు. ఎండకు గాలి ఉబ్బిందని నేను వాదించాను. ఎండ తగ్గినా ఇద్దరం అరుచుకుంటూనే ఉన్నాం. వదిన సీటు మీదే ఉంది. రవిక చేతులు వేలాడుతున్నాయి.

"గేజీ మంచిదేనయ్యా," అంది. "నానే తగ్గిపోనాను."

సూరన్న పంపు వదల్లేదు. "ఎప్పట్నుంచి?"

"నువ్వు గేజీ మార్సక ముందునుంచే. సెబితే బండెక్కనివ్వవు కదా."

కడుపునొప్పని ఆమె ఒక్కతే క్లినిక్కుకు వెళుతూనే ఉందట. గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. ఒక్కడంటే ఒక్కడు ఆ కడుపు మీద చెయ్యి వేసి చూడలేదు! పెద్దాసుపత్రికి చేరేసరికి గడ్డ లోపలంతా పాకిపోయింది.

అక్కడికీ ఆ బండి మీదే వెళ్లేది, పట్టుబట్టి. బయలుదేరే ముందు ప్రతిసారీ సూరన్న వాల్వు నొక్కి, బండి గీతకు దిగేదాకా కాస్త గాలి వదిలేవాడు. బుస్సు. నేను మొహం తిప్పుకునేవాణ్ని. ఓసారి నాతో అన్నాడు: "ఆ మెషీనే ఉంటే, నాకు సెప్పకండా సర్దేసును రా."

వదిన పోయాక అడిగాను, "ఒక్కడివే కదన్నా, మిగిలిన గాలి తీసీనా?"

"ముట్టుకున్నావంటే సెయ్యి ఇరగ్గొడతాను."

తీయలేదు, మళ్లీ నింపనూ లేదు. ఆమె చివరిసారి కూర్చున్నప్పటి గాలితోనే తిరిగాడు. పాత సీళ్లలోంచి అది మెల్లగా పోయింది. బండి పూర్తిగా కుంగిన రోజున దాన్ని షెడ్డులో పెట్టి తలుపు వేశాడు. తర్వాత ఆయనా ఎక్కువ కాలం లేడు.

ఇప్పుడు అన్నీ వాటంతటవే సర్దుకునే వస్తువులే. వాటిని చూసి మురిసిపోయేవాళ్లంటే నాకు కోపం. నాదొక పాత చిన్న బండి. మా ఆవిడ వెనక ఎక్కేటప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆన్చి ఆగుతాను.

"ఇంకా కదలవేటి? ఎక్కీసినాను కదా!" అని వీపు మీద పొడుస్తుంది.

బండి వెనక ఎంత దిగిందో చూసుకుని గానీ కదలను.