పదకొండు గంటలకు చూసిన చెరువు

2007లో తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవారి ఇంక్యుబేషన్ సెంటర్‌లో అటెండరుగా చేరాను. ఆర్డరు కాగితం మీద వేలిముద్ర వేశాను. అప్పటికి నాకు చదువు రాదు. రిటైరయ్యాక మా చర్చి పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

కొత్తగా కంపెనీ పెట్టేవారికి ఏడాదిపాటు గది, కంప్యూటర్లు, ఇంటర్నెట్టు ఇచ్చి సలహాలు చెప్పే చోటు అది. ఆరు నెలలకోసారి కమిటీ రివ్యూ చేసేది. తయారుచేసిన వస్తువు బాగుందనే మనిషిని ఒక్కరినైనా చూపించలేకపోతే గది ఖాళీ చేయాలి.

రెండో గది లావణ్యగారిది. చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గితే సైరన్ మోగే పెట్టె చేశారు. కొల్లేరు అంచున చెరువున్న రాజుగారు దాన్ని పరీక్షించడానికి ఒప్పుకున్నారు. రివ్యూ రెండు రోజులుందనగా ఆయనే సెంటర్‌కి వచ్చారు.

"ఏవండీ, నాలుగుసార్లు వచ్చారు, నాలుగుసార్లూ చెరువు బాగుందనే మీ పెట్టె చెప్పింది. మా ఆవిడ వంటని కూడా నేను అన్నిసార్లు బాగుందనలేదండి. నిన్న చేపలు చచ్చి తేలాయి. ఇంక రాకండి" అని చెప్పి వెళ్లిపోయారు.

లావణ్యగారు పెట్టె విప్పి, తీగలన్నీ మళ్లీ చూడసాగారు. టీ పెడుతూ, చెరువులో ఎన్నింటికి దించారని అడిగాను.

"పదకొండింటికి, మేరీగారూ. కాలేజీ వ్యాను అప్పటికే కదండీ చేరేది. మళ్లీ అదే వ్యానులో పెట్టె వెనక్కి తెచ్చేస్తున్నాను."

"ఎండెక్కాక చేపకి లోటేముందమ్మా? తెల్లారగట్ల కదా ఊపిరాడనిది. మా ఆయన చెరువు కాపలా చేసినన్నాళ్లూ ఆ వేళకి మంచమెక్కలేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదు కదమ్మా."

వ్యాను పది నుంచి ఐదు వరకే. వేళ మారాలంటే ప్రిన్సిపాలుగారి సంతకం కావాలని, అందుకు వారం పడుతుందని మేనేజరుగారు చెప్పారు. ఆ సాయంత్రమే ఇద్దరం బస్సెక్కి, చెరువు దగ్గర మా చెల్లెలింట్లో దిగాం. రాజుగారిని ఇంకొక్కసారికి బతిమాలి, రాత్రే పెట్టెని చెరువులో దించాం.

తెల్లవారకముందే సైరన్ మోగింది. వెలుగు వచ్చేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి రాసాగాయి. అప్పటికే రాజుగారు ఇంజను వేయించి నీళ్లు చిమ్మిస్తున్నారు. చేపలు దక్కాయి.

ఆ వేళ సంగతి తమకు తెలుసు కదా, ముందే ఎందుకు చెప్పలేదని లావణ్యగారు ఆయన్ని అడిగారు.

"పెద్ద చదువులవారు కదండీ. మీ యంత్రానికి వేళతో పనిలేదేమో అనుకున్నాను. అడిగితే బాగోదని ఊరుకున్నానండి."

రివ్యూకి రాజుగారే వచ్చి ఆ సంగతి చెప్పారు. గది నిలిచింది.

గది, ఇంటర్నెట్టు ఇచ్చినంత మాత్రాన కంపెనీ నిలబడదని, వస్తువు వాడేవారి వేళకి చేసేవారి పనివేళ కలవాలని అప్పుడు తెలుసుకున్నాను. మర్యాదకి మాట్లాడకుండా ఉండటం కూడా పనికి అడ్డమే.

మర్నాడు పొద్దున్న మూడో గది తలుపు తట్టాను. అందులోవారు పెదవేగి తోటల కోసం పామాయిల్ గెలలు కోసే యంత్రం చేస్తున్నారు. గెలలు కోసే కూలీలతో ఎప్పుడైనా మాట్లాడారా అని అడిగాను.