నాలుగో కాలు కింద బల్బు

మొన్న చీరాల నుంచి పరుచూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా, మిరపచేలో కరెంటు టవరు పునాదికి యంత్రం గుంత తవ్వుతూ కనిపించి, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి గొంతుదాకా వచ్చింది. నా ఈడువాళ్ళు మీరైనా వింటారని రాస్తున్నాను, విని తిట్టుకున్నా సరే.

మా నల్లరేగడి ఎండలకు నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. అందుకే ఆ రోజుల్లో టవరు నాలుగు కాళ్ళకీ లోతుగా గుంతలు తోడి, కత్తులున్న బకెట్టు అడుక్కి దించి, ఆ కత్తులు గొడుగులా విచ్చుకునేదాకా నలుగురు మనుషులు పైనుంచి తిప్పి తిప్పి, అడుగున బుంగలా వెడల్పు చేసేవాళ్ళు. దాన్ని బల్బు అనేవాళ్ళం. అందులో కాంక్రీటు పోస్తే నేల ఎంత ఉబ్బినా కాలు పైకి లేవదు. ఆ పనిలో మా మేనమామను మించినవాడు లేడు. నన్ను సూపర్‌వైజరుగా పెట్టించిందీ ఆయనే, అయినా కాగితం మీద సంతకం మాత్రం నాది.

ఒక మధ్యాహ్నం నాలుగో కాలు దగ్గర పని జరుగుతుండగా మబ్బు పట్టింది. వాన పడితే గుంతంతా నీళ్ళేనని కాంట్రాక్టరు ఒకటే తొందర. "ఒరేయ్ అల్లుడూ, కత్తులింకా పూర్తిగా విచ్చుకోలేదురా, ఇంకో గంటాగు" అని మామ అడ్డం నిలబడ్డాడు. నేను వినకుండా కాంక్రీటు పోయించి, బల్బు పూర్తయిందని రాసి సంతకం పెట్టాను.

ఆ ఏటి వానలకే ఆ కాలు పైకి లేచి టవరు పక్కకు ఒరిగింది. విచారణకొచ్చిన ఇంజనీరు అందరి ముందూ నిలదీస్తే, నా నోరు పడిపోను, బల్బు పూర్తయిందని ముఠా మేస్త్రి అన్నాడు కాబట్టే రాశానన్నాను. ఆ మేస్త్రి మా మామే. ఆయన ఒక్క మాట అంటే నా ఉద్యోగం ఊడేది. నా వంక చూసి, తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ టవరు పనికీ ఆయన్ను పిలవలేదు. అంత చెయ్యి తిరిగిన మనిషి గుంటూరు మిరపయార్డులో టిక్కీ బస్తాలు మోశాడు.

ఆదివారం చర్చిలో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు కాదు. "బాగున్నారా సూపర్‌వైజరు గారూ" అనేవాడు. పోయేదాకా అదే పిలుపు. ఆయన మంచాన పడ్డప్పుడు నేను కాళ్ళు పట్టుకుని ఏడ్చినా అదే.

ఇప్పుడు లోతూ వెడల్పూ యంత్రమే చెబుతుందట, ఒకరి మాట ఒకరు నమ్మాల్సిన పనే లేదట. మంచిదే. వీధిలో అందరూ నన్ను గారూ అంటారు. ఒరేయ్ అనే ఒక్క మనిషిని మాత్రం నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.