వేడిగాలి ఆగిపోయిన మధ్యాహ్నం

దీపావళి వెళ్ళగానే మా నాన్న ఏసీ బయటి పెట్టెకి గోనెసంచులు కప్పి నైలాన్ తాడుతో కట్టేస్తాడు. నాన్న కార్ఖానా ఉన్న ఈ హిందీ ఊళ్ళో, సోనారి పేటలో మా ఇళ్ళ వరసలో చాలామంది కడతారు. చలికాలంలో కార్ఖానా దుమ్ము పొగమంచుతో కలిసి కిందికి దిగుతుంది. పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లబట్ట కాదు. ఎండలు ముదిరేదాకా ఆ పెట్టెతో ఎలాగూ పని ఉండదు, అందుకని కప్పేస్తారు.

నేను పురిటికొచ్చిన ఏడు మాత్రం దానితో పని పడింది. పిల్లాడు నెల ముందే పుట్టేశాడు. పిడికెడున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "వీడికి చలి తగలనివ్వకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో చలి అంటే పామంత భయం. నాన్న పాత ఏసీ తీయించేసి, వేడిగాలి కూడా ఇచ్చే కొత్తది పెట్టించాడు. వేసవిలో గదిలో వేడిని బయటికి తోసే యంత్రమే, చలికాలంలో ఎదురు తిరిగి బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి లాక్కొస్తుందట. అమ్మకి నమ్మకం కుదర్లేదు.

"బయట వొణికి సత్తన్నాం. అక్కడ వేడెక్కడున్నాది లాగడానికి?" అంది.

"ఉంటాదే. ఎంత చలిగాల్లో అయినా కొంత ఉంటాది. బయటి పెట్టెకి గాలాడితే చాలు" అన్నాడు నాన్న.

ఇంత చెప్పిన పెద్దమనిషి, ఒకరోజు పొద్దున డ్యూటీకి వెళ్తూ కొత్త పెట్టె మీద పేరుకున్న దుమ్ము చూశాడు. మనసాగలేదు. పాత గోనెలు తీసి, చుట్టూ బిగించి కట్టేసి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. చేతికి అంత అలవాటైన పని. మాకు చెప్పాలని కూడా తోచలేదు.

మధ్యాహ్నం భోజనాల తరవాత ఏసీలోంచి వచ్చే గాలి చల్లబడింది. దాని ఆకుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. ముందు రిమోట్ చూశాను. వేడిగాలికి గుర్తైన సూర్యుడి బొమ్మ మీదే ఉంది. కుర్చీ ఎక్కి ఏసీ లోపలి దుమ్ము జాలీ తీసి దులిపాను. బాలింతవి, కుర్చీలెక్కుతావా అని అమ్మ కింద నుంచి తిట్టిపోసింది. మెయిన్ స్విచ్ ఆపి, కాసేపాగి మళ్ళీ వేశాను. యంత్రం మూలిగి, నాలుగు ఊపిర్లు చల్లగా ఊది ఆగిపోయింది. బయటి పెట్టె వంటింటి వెనక బాల్కనీలో ఉంది. పిల్లాణ్ణి వదిలి అంతదూరం వెళ్ళి చూడాలని నాకు తట్టలేదు. వాడి పాదాలు పట్టుకు చూస్తే చల్లగా తగిలాయి.

అమ్మ నాన్నకి ఫోన్ మీద ఫోన్ చేసింది. నాన్నది కార్ఖానాలో గ్యాస్ గొట్టాల మరమ్మతు. అక్కడికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. మోగి మోగి ఊరుకుంది.

"ఉండు, నానొత్తన్నాను" అని అమ్మ వాకిట్లోకి వెళ్ళి సిగిడీ రాజేసింది. పాత బకెట్‌కి మట్టి మెత్తి చేసిన బొగ్గుల కుంపటి. చలికాలం ఈ ఊళ్ళో ఏ వీధిలో చూసినా గుమ్మాల ముందు కనిపించేదే. పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడేదాకా బయటే ఉంచి, అప్పుడు గదిలోకి తెచ్చింది. పొగ లేదు కదా, ఇంకేం భయం అనుకున్నాం ఇద్దరమూ. పైన సాంబ్రాణి చల్లింది. కిటికీలు బిగించి, తలుపు కింద సందులో పాతచీర కుక్కింది. గది వెచ్చబడింది. పిల్లాడి పాదాలూ వెచ్చబడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను.

కాసేపటికి నాకు తలనొప్పి మొదలైంది. కణతలు పగిలిపోతున్నాయి, కడుపులో తిప్పుతోంది.

"పచ్చి బాలింతవి. సల్లగాలి చెవుల్లో దూరిపోయింది, వాతం" అని అమ్మ నా చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ బిగించి, మరో నాలుగు బొగ్గులు వేసింది. తనకీ తల తిరుగుతోందంటూ గోడకి చేరగిలబడింది. చలి పోవాలని మేము ఎంత బిగిస్తే నొప్పి అంత ఎక్కువైంది. ఎంత ఎక్కువైతే అంత బిగించాం. పాలవేళ దాటినా పిల్లాడు లేవలేదు. వెచ్చగా ఉండి హాయిగా పడుకున్నాడనుకున్నాను.

డ్యూటీ దిగి ఫోన్ తీసిన నాన్న, అన్నిసార్లు ఇంటి నంబరు చూసి అదిరిపోయాడట. గ్యాస్ పనిచేసేవాళ్ళు జేబుకి తగిలించుకునే చిన్న పెట్టె ఒకటుంటుంది. గాలిలో విషవాయువు ఉంటే కూస్తుంది. రోజూ దిగేటప్పుడు అప్పజెప్పి రావాలి. ఆ రోజు దాంతోనే స్కూటరెక్కేశాడు. మా గది తలుపు తోసి రెండడుగులు వేశాడో లేదో, అది కీచుమని అరిచింది. ఎర్రదీపం కొట్టుకుంది.

"గ్యాస్! నిక్‌లో, నిక్‌లో బాహర్!" అని నాన్న పెట్టిన కేక మా నాన్నది కాదు. కార్ఖానాలో మనుషుల్ని బయటికి తరిమే కేక అది. పిల్లాణ్ణి లాక్కుని, నన్ను రెక్క పట్టి ఈడ్చి, వాకిట్లో పడేశాడు. మళ్ళీ లోపలికెళ్ళి అమ్మని లాక్కొచ్చాడు. ఇన్నాళ్ళూ ఏ చలికి భయపడ్డామో ఆ చలిలో, పిల్లాణ్ణి దుప్పటి విప్పి పట్టుకున్నాడు. వాడి మెడ వాలిపోయింది. పెదవులు కదల్లేదు. నాన్న వాడి అరికాళ్ళు రుద్దుతూ "బాబూ, బాబూ" అంటున్నాడు. నేను దేవుణ్ణి కూడా తలుచుకోలేదు. ఊరికే వాడి నోటి వంక చూస్తూ కూర్చున్నాను.

ముందు చిన్న దగ్గు వచ్చింది. తరవాత పిల్లికూన మూలిగినట్టు ఏడుపు.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. మూసిన గదిలో బొగ్గులు పొగ లేకపోయినా, వాసన తెలియని విషవాయువు వదులుతాయట. మరికాస్త ఆలస్యమైతే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది. బట్టల కోసం ఆ రాత్రే ఇంటికొచ్చిన నాన్న గోనెలు విప్పాడు. లోపల రేకులన్నీ మంచుగడ్డ కట్టి ఉన్నాయట. ఊపిరాడక యంత్రం తనంతట తనే ఆగిపోయిందన్నమాట. నాన్న ఆ గోనెలూ తాడూ చుట్టచుట్టి చెత్తకుండీలో పడేశాడు. మంచు కరిగాక వేడిగాలి మామూలుగానే వచ్చింది.

అమ్మ మాత్రం, ఆ కుంపటి తెచ్చింది తనే కదా అని, మా గది గడప దాటి లోపలికి రావడం మానేసింది. పిల్లాణ్ణి ఇస్తానన్నా చేతులు వెనక్కి తీసుకునేది. ఒక పొద్దున వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, నేను గబగబా ఎత్తుకోబోయాను.

"ఉండే" అంది అమ్మ గుమ్మంలోంచి. "ఏడవనీ. కూసింతసేపు ఏడవనీ, నాను ఇంటాను."