ఎంగిలి వాక్యం ఒప్పని అనసూయ మేడం

భద్రాచలం బస్టాండులో బస్సెక్కి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. మా బడిలో లెక్కలు చెప్పే సార్ గొంతు. "అనసూయ మేడం పోయిందమ్మా. పొద్దున వైరాల ఆమె ఇంట్లనే గుండెల నొప్పన్నదంట. ఖమ్మం దవాఖానాకు తీస్కపోతుంటే దారిలనే..." అని ఆయన ఆగిపోయారు. బస్సు కదిలింది. నాకు ముందుగా ఏడుపు రాలేదు, భయం వేసింది. రేపటి నుంచి పొద్దున్నే ఆ నల్లబల్ల ముందు ఎవరు నిలబడాలి? నేనే నిలబడాలి. దుఃఖం వాగు దాటాక వచ్చింది.

అడవి అంచున ఉన్న మా ఆశ్రమ పాఠశాలలో అనసూయ మేడం ఏళ్ల తరబడి ఇంగ్లిష్ బోధించారు. నేను ఆమె శిష్యురాలిని, ఇప్పుడు అదే బడిలో కింది తరగతులకు ఇంగ్లిష్ చెప్పే కాంట్రాక్టు టీచరుని. మాకు ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్. మూడో భాషను మా నాలుకల మీద నిలబెట్టిన మహనీయురాలు ఆమె. 'మహనీయురాలు' అని రాస్తుంటే కూడా నాకు భయమే. అది నా మాటేనా, ఎవరి దగ్గరో తెచ్చుకున్నదా అని ఆమె ఉంటే అడిగేవారు.

ప్రతి ఉదయం ప్రార్థన కాగానే ఒక కొత్త మాట. నల్లబల్ల మీద పైన ఇంగ్లిష్ మాట, దాని కింద అర్థం, ఆ కింద ఖాళీ జాగా. అర్థాన్ని ముందు మా ఇంటి మాటలో మా చేతనే చెప్పించి, తర్వాత తెలుగులో రాసేవారు. ఖాళీ జాగాలోకి వాక్యం రావాలి. ఆ వాక్యం చెప్పేవాళ్లు స్వయంగా చూసిందో చేసిందో అయి ఉండాలి. ఎవరు వాక్యం చెప్పినా క్లాసంతా ఒక్క గొంతుతో "నిజమేనా?" అని అడగాలి. "అవ్, నిజమే" అన్నాకే ఆ వాక్యం బల్లకెక్కేది. మొదటి వాక్యం ఎప్పుడూ మేడందే. ఆమెనూ మేం అడిగేవాళ్లం.

'క్రాస్' అనే మాట వచ్చిన రోజు నేను గైడులోంచి బట్టీ పట్టి, ఓడ మహాసముద్రాన్ని దాటిందని గడగడా చెప్పేశాను.

"సముద్రం చూసినవా?" అన్నారు మేడం.

"లేదు మేడం."

"ఓడ?"

"లేదు మేడం."

"మరి ఎవరో తిని వదిలేసింది నా ముందటికి ఎందుకు తెచ్చినవ్? ఎంగిలి వాక్యం. పో, నీది నువ్వు తెచ్చుకో."

మర్నాడు మా మామ రెండు మేకల్ని పడవలో వేసుకుని గోదావరి దాటిన సంగతి వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పాను. మేడం నా తప్పులు దిద్ది, మేకల్ని మాత్రం అలాగే ఉంచారు. ఆ మాట నాకు ఇప్పటికీ మేకల వాసనతోనే గుర్తుంది.

'వార్నింగ్' మాట రాసినప్పుడైతే అర్థం చెప్పడానికి క్లాసు మొత్తం లేచింది. గోదావరికి మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని మైకులో వింటూ పెరిగిన పిల్లలం, మాకు ఆ మాట తల్లిపాలతో పాటే వచ్చింది. మూడో వార్నింగ్ రాగానే తన అవ్వ కోళ్లను చీరలో మూటగట్టిందని ఒక పిల్ల చెబితే మేడం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. 'అలోన్' వచ్చిన రోజు మాత్రం నవ్వలేదు. "ఐ ఈట్ అలోన్ ఆన్ సండేస్" అన్నారు. మేము "నిజమేనా?" అన్నాం, అలవాటు కొద్దీ. "అవ్, నిజమే" అన్నారు. ఆ సోమవారం నుంచి ఎవరో ఒకరు ఆమె టేబుల్ మీద అడవిలో ఏరిన తునికి పండ్లు పెట్టడం మొదలైంది.

సంతాప సభలో ఎవరూ అనని మాట ఒకటి నేను అంటాను. మా మేడం పిరికి మనిషి. ఉరిమితే చెవులు మూసుకునేవారు. బల్లి కనబడితే కుర్చీ ఎక్కేవారు. వాగు మీద బస్సు పోతుంటే కళ్లు మూసుకుని ఏదో గొణుక్కునేవారు. హాస్టల్ వంటమ్మ "ఇంత పిరికిదానివి అడవిలకెందుకొచ్చినవమ్మా?" అని ఎగతాళి చేస్తే, "వైరాల బల్లులు లేవా ఏంది? ఎక్కడైనా భయపడేదే కదా, జీతమొచ్చేకాడ భయపడుత" అనేవారు.

ఆ పిరికితనం విలువ నాకు తెలిసింది పదో తరగతిలో. ఈ సంగతి రాయవచ్చా అని నా పక్కన కూర్చునే సమ్మక్కను అడిగాను. ఆమె ఇప్పుడు నర్సు. "రాయే. మా నాయన పోయి చాన్నాళ్లాయె. మేడం పేరు మీద రాయి" అంది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు మాట 'హైడ్'. దాచడం. షుగరు డాక్టరుకు తెలియకుండా మిఠాయి దాచుకుంటానని మేడం తన వాక్యం చెప్పారు. మేం నవ్వి, నిజమేనా అని అడిగాం. ఆ నవ్వుల్లోనే, బడిలో మొక్కలు నాటే కార్యక్రమానికి వచ్చిన అడవి ఆఫీసరు లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. ముందు వరుసలో ఉన్న సమ్మక్క చూడలేదు. అప్పటికే లేచి చేతులు కట్టుకుని తన వాక్యం మొదలుపెట్టేసింది.

"మై ఫాదర్ హైడ్స్ టేకు వుడ్ అండర్ ది గడ్డివాము."

క్లాసంతా అలవాటుగా "నిజమేనా?" అని అరిచింది. నేనూ అరిచాను. సమ్మక్క సంబరంగా "అవ్, నిజమే!" అంది. అప్పుడు వెనక బెంచీ కిర్రుమంది. సమ్మక్క తిరిగి చూసింది. ఖాకీ బట్టలు చూసేసరికి దాని ముఖంలో నెత్తురు లేదు.

"ఏ ఊరు పాపా నీది? మీ నాయన పేరేంది?" అన్నాడు ఆఫీసరు.

ఇంటి దూలానికి కొట్టుకున్న రెండు కర్రలకు కేసులు పడ్డ ఊళ్లు మావి. ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో, జవాబు తర్వాత ఏం జరుగుతుందో ఆ గదిలో ప్రతి పిల్లకూ తెలుసు. మేడం చేతిలోని సుద్దముక్క కింద పడింది. ఆమె బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చి, ఆఫీసరుకీ సమ్మక్కకీ నడుమ నిలబడ్డారు. కొంగు చివర వేళ్లకు బిగించి చుట్టుకుని ఉంది.

"సార్, ఆ పిల్ల చెప్పదు."

"ఎందుకు చెప్పదు మేడం?"

"నా క్లాసుల చెప్పింది నా క్లాసులనే ఉండాలె సార్. ఇది బయటికి పోయిందంటే రేపట్నుంచి వీళ్లు నాకు అన్నీ అబద్ధాలే చెప్తరు. ఇంక నేనేం నేర్పాలె?"

"నా డ్యూటీ నాకుంటది కద మేడం."

"ఉంటది సార్. నాది నాకుంటది."

గొంతు కీచుగా వచ్చింది. ఆఫీసరు చాలాసేపు ఆమెను చూసి, టోపీ తీసుకుని బయటికి నడిచాడు. జీపు స్టార్టయింది. బడి గేటు దగ్గర దారి చీలుతుంది. ఒకటి భద్రాచలానికి, ఒకటి సమ్మక్క వాళ్ల ఊరికి. క్లాసంతా ఆ శబ్దాన్నే విన్నాం. జీపు భద్రాచలం రోడ్డు పట్టింది. ఆయన మనసులో ఏముందో మాకు ఎప్పటికీ తెలియలేదు.

మేడం కుర్చీలో కూలబడి నీళ్లు తాగారు, సగం చీర మీద పోసుకున్నారు. తర్వాత లేచి, బల్ల తుడిచి 'ఎఫ్రెయిడ్' అని రాశారు. కింద 'భయపడిన' అని రాశారు. "ఐ వాజ్ ఎఫ్రెయిడ్. ఐ యామ్ స్టిల్ ఎఫ్రెయిడ్" అన్నారు. "అడగరేందే?" అని కసిరారు. అడిగాం. "అవ్, నిజమే" అన్నారు.

తర్వాత ఎన్నో రోజులు జీపు చప్పుడైతే సమ్మక్క బెంచీ కింద నా చేయి పట్టుకునేది. వాక్యం చెప్పమంటే "నేను చెప్ప మేడం" అని తల అడ్డంగా ఊపేది. "తప్పు నీది కాదు బిడ్డా. తలుపు బార్లా తెరిచి పెట్టింది నేను" అన్నారు మేడం. తలుపేస్తే గదిలో చీకటి, అక్షరం కనబడదు. అందుకని ఆ రోజు నుంచి పిల్లలు వాక్యాలు చెప్పే వేళ ఆమె వెళ్లి గడపలో నిలబడేవారు, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, వరండాకు వీపు పెట్టి. గడపలో నిలబడితే అరిష్టమని మమ్మల్ని తిట్టే మనిషి ఆమె. చివరి శనివారం దాకా అక్కడే నిలబడ్డారు. సమ్మక్క మళ్లీ వాక్యం చెప్పింది ఆ వీపు చాటునే.

ఆమె చనిపోయిన ఆదివారం సాయంత్రమే బడిలో పెట్టిన సంతాప సభలో పెద్దలంతా 'తీరని లోటు' అన్నారు. నేనూ ఈ వ్యాసం మొదట్లో ఆ మాటే రాసి కొట్టేశాను. లోటు తీరదన్నది నిజమే. కానీ నా లోటు ఎలాంటిదో నేను చెప్పాలి కదా. సభ అయ్యాక హెచ్చెమ్ సార్ నన్ను పక్కకు పిలిచారు. మంచి మనిషి, నా మేలు కోరే అన్నారు. "చూడమ్మా, ఆమెది పర్మినెంటు, నీది కాంట్రాక్టు. గైడుల వాక్యాలున్నయి, అవి చదివించు, నిమ్మళంగుంటది. పిల్లల ఇంటి ముచ్చట్లు మనకెందుకు? ఏదన్న అయితే నిన్ను నేను గూడ కాపాడలేను." ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నా ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఆ రాత్రి గైడు దిండు పక్కన పెట్టుకునే పడుకున్నాను.

మర్నాడు ప్రార్థన అయ్యాక గైడు చంకలో పెట్టుకునే క్లాసుకు వెళ్లాను. ఆమె టేబుల్ మీద ఎవరో తునికి పండ్లు పెట్టారు, సోమవారం కదా. గైడు వాటి పక్కన పెట్టాను. ఏ మాట రాయాలో తెలియక, నాకు తెలిసిన ఒక్క మాటే రాశాను. 'ఎఫ్రెయిడ్'. ఈ క్లాసుకు పాఠం చెప్పాలంటే నాకు భయమని ఇంగ్లిష్‌లో చెప్పాను. తర్వాత వెనక నుంచి సన్నగా ఒక గొంతు, "నిజమేనా మేడం?"

"అవ్, నిజమే" అన్నాను.

కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచింది. నోరు తెరిచి, వరండా వైపు చూసి ఆగిపోయింది. హెచ్చెమ్ సార్ ఎవరో కొత్త మనిషిని వెంటబెట్టుకుని ఇటే వస్తున్నారు. పిల్ల నా ముఖంలోకి చూసింది. కూర్చో అంటే కూర్చునేది. నేను గడప దగ్గరికి నడిచాను. మేడం చేతులు ఆనించి ఆనించి ద్వారబంధం అక్కడ నున్నగా అయింది. నా చేతులు అక్కడే ఆనించి, వరండాకు వీపు తిప్పాను. నాకు భయం వేసింది. ఆమెకూ ఇలాగే వేసేదని నాకు తెలుసు. అడుగుల చప్పుడు నా వెనకకు వచ్చి ఆగింది.

"ఇంక చెప్పు బిడ్డా, మెల్లగ చెప్పు" అన్నాను.

ఆ పిల్ల చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.