నాలుగింటి బండి

మా డ్రైవరు బాబాయి పోయారు. బుధవారం పొద్దున డ్యూటీకి లేపబోయిన రూమ్ వాళ్ళ చేతికి ఆయన ఒళ్ళు చల్లగా తగిలిందట. ఫోను వచ్చినప్పుడు పాపకు జడ వేస్తున్నాను. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది: శుక్రవారం బండి ఎవరు నడుపుతారు?

ఒమాన్‌లో సహం ఊరి దగ్గర ఒక స్థానిక పెద్దమనిషి తోటలో, ఖర్జూరాల మధ్య నుంచి సముద్రం దాకా సన్నని పట్టాలు ఉన్నాయి. ఎక్కడో చెరకు ఫ్యాక్టరీలో పనిచేసి ముసలిదైపోయిన చిన్న డీజిల్ ఇంజిను, మనుషులు కూర్చునే రెండు చెక్క పెట్టెలు. జీతం లేకుండా మేం కొందరం ప్రతి శుక్రవారం నాలుగింటికి దాన్ని నడుపుతాం. మీలో ఎవరైనా ఎక్కి ఉంటే, ముందు ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న మనిషే బాబాయి. జగిత్యాల వైపు పల్లె ఆయనది. కుర్రతనంలో రైల్వే షెడ్డులో కలాసీ, ఇక్కడ కంపెనీలో ఫిట్టరు. కొత్తగా వచ్చి ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చున్న నా చేతికి పచ్చజెండా ఇచ్చి, "గార్డమ్మా" అని పిలిచింది ఆయనే.

వారమంతా సైట్లో ఎండి, సెలవురోజు పొద్దున్నే చీపురుతో పట్టాల మీద ఇసుక ఊడుస్తూ, సుత్తితో బోల్టులు తట్టుకుంటూ సముద్రం దాకా నడిచేవారు. ఒకసారి మండుటెండలో బండి ఎక్కడానికి ఒక్క కూలీ మాత్రమే వచ్చాడు. వద్దులెండి అన్నాను.

"టైం చెప్పినమా లేదా? చెప్పినంక ఒక్కడున్నా నడవాలె. లేకుంటే అది బండి గాదు, బొమ్మ."

ఆ ఒక్కడితోనే వెళ్ళాం.

మొన్నటి వానకు, ఇక్కడివాళ్ళు వాది అనే, ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాగు పొంగి పట్టాల కింది గట్టును కోసేసింది. పట్టాలు గాల్లో వేలాడాయి. "ఖలాస్. బంద్ కరో" అన్నాడు తోట యజమాని.

"అర్బాబ్, తీన్ జుమ్మా దేదో" అని మూడు శుక్రవారాల గడువు అడుగుతూ బాబాయి చేతులు జోడించారు.

పదకొండు మందిమి ఉండేవాళ్ళం. ఆ ఎండకు నలుగురం మిగిలాం. రాళ్ళు మోశాం, స్లీపర్లు మోశాం. రెండో శుక్రవారం ఆయన గుప్పిటతో ఛాతీ నొక్కుకుని కూలబడ్డారు.

"ఆస్పత్రికి వెళ్దాం బాబాయ్."

"గ్యాసమ్మా. గట్టు అయినంక పోదాం."

నమ్మాను. నమ్మితే పని ఆగదు కనుక నమ్మాను.

మూడో శుక్రవారం బండి నడిచింది. దిగాక, ఎన్నోసారో, నన్ను ఇంజిను దగ్గరికి పిలిచారు.

"నేర్చుకో గార్డమ్మా. నాకేమన్న అయితే బండి ఆగొద్దు."

"దిగుడులో బ్రేకు పడకపోతే? నాకు భయం బాబాయ్."

"భయం మంచిదే. భయం లేనోనికి బండియ్యొద్దు."

"వచ్చే వారం" అన్నాను. ఎప్పుడూ అనేదే.

ఆ వచ్చే శుక్రవారానికి ఆయన మార్చురీలో, ఊరికి పంపే కాగితాల కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. నాలుగింటికి ముప్పై మంది దాకా వచ్చారు. నేను ఇంజిను ఎక్కి స్టార్ట్ చేశాను. బ్రేకు విప్పాలి. చెయ్యి పిడి మీదే ఉంది, కదలదు. వెనక పెట్టెల్లోంచి పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి.

"ఉతరో బహెన్" అన్నాడు యజమాని, మెల్లగా.

ఇంజిను ఆపి దిగాను. డ్రైవరు గారు చనిపోయారని, ఈ రోజు బండి లేదని హిందీలో చెప్పాను. పెట్టెల్లో వాళ్ళు దిగలేదు. కింద నిలబడ్డ ఒక ఒమానీ ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఆమె వెనక మిగిలినవాళ్ళు ఎక్కారు. సముద్రం దాకా పోయి తిరిగి వచ్చేంత సేపు, కదలని బండిలో, అందరూ ముందుకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కరే, ఎక్కిన చోటే దిగారు.