మెట్టెలు కోసిన పూట

మాది మచిలీపట్నం. ఇరవై ఏళ్ల కిందటి మాట. నా భార్యకి మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో గడ్డ లేచి, ఎదుగుదల హార్మోను ఎక్కువై, నడివయసులో చేతులూ పాదాలూ పెరిగిపోయాయి. ఆపరేషన్‌లో తీయగా మిగిలిన ముక్కకి గురిచూసి రేడియేషన్ ఇవ్వాలంటే హైదరాబాదు తీసుకెళ్లాం.

ఆ ఉదయం ఆవిడ తల కదలకుండా చట్రం పెట్టి మరలు బిగించారు. ముందు స్కానింగ్ తీయాలి, ఒంటిమీద నగలేవీ ఉండకూడదంది నర్సు. మెట్టెలు ఎంత లాగినా రాలేదు. లావెక్కిన వేళ్లలో కూరుకుపోయాయి. కోయక తప్పదంది.

గుడివాడ నుంచి తోడొచ్చిన మా అక్కయ్య తలుపుకి అడ్డం నిలబడింది.

"నువ్వు గుండ్రాయిలా కూర్చునుండగా దాని మెట్టెలు కోయిస్తావుట్రా? రేపు నీకేమన్నా అయితే?"

చదివింది ఐదో తరగతే అయినా, పుస్తకాలు తిరగేసి ఈ జబ్బు సంగతి తెలుసుకున్నవాణ్ణి. "ఇలాగే వదిలేస్తే దాని గుండె కూడా పెరిగిపోతుందే! ముందు పోయేది నేను కాదు, అదే!" అని అరిచాను.

నా భార్య మాత్రం "కోసెయ్యండమ్మా" అంటూ కాళ్లు చాపింది.

కట్టర్ కిటుక్కుమంది. శకునాలంటే మండిపడే నేనే మొహం పక్కకి తిప్పుకున్నాను.

రేడియేషన్ ఇచ్చి సాయంత్రానికి బయటికి తెచ్చారు. మరలు తీసిన నుదుటి మీద రక్తపు చుక్కలు. ఆవిడ కళ్లు ఆత్రంగా నాకోసం వెతికాయి.

"ఉన్నారా?" అంది.

నేను బతికున్నానో లేదో అనుకుంటూనే అంతసేపూ ఆ యంత్రంలో పడుకుందని అప్పుడర్థమైంది. పోనుపోను గడ్డ ఎదగడం ఆగింది. కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషికి అంత భయం పెట్టిన ఈ ఆచారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.